అలసిన కణానికి గడువుంది

మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక ఊరు. ఉద్యోగం చేసినంత కాలం హైదరాబాద్‌లో ఉన్నాను. ఎలుకల క్లోమంలోంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలను వేరుచేసి గాజు పాత్రల్లో బతికించడం నా పని. రిటైరయ్యాక ఊరికి వచ్చేశాను. ఊళ్లో భూముల ధరలు పెరిగిన రోజులు కదా, గట్టు తగాదాలకు పెద్దమనిషిగా పిలుస్తారేమో అనుకున్నాను. అందుకు ఎవరూ పిలవలేదు గానీ, పొద్దుగూకేసరికి రిపోర్టు కాగితాలు పట్టుకుని అరుగు మీద కూచునేవాళ్లు ఎక్కువయ్యారు. "షుగర్ పోతదా సారూ?" అన్నదే అందరి ప్రశ్న. దాని జవాబు మందుచీటీలో దొరకదు. ఆ మనిషి క్లోమంలో ఇంకా ఎన్ని కణాలు బతికున్నాయి, బతికున్నవి ఏ స్థితిలో ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ సంగతి ప్రయోగశాలలో నాకు ఎప్పుడో తెలుసు, ఇంటికి తెచ్చుకోవడంలోనే ఆలస్యం చేశాను. డాక్టరును కాను కనుక మందులు చెప్పను. చూసింది, పొరబడింది చెబుతాను. వినే ఓపిక ఉన్న పిల్లలు ఇంకా ఉన్నారనే నమ్మకంతో రాస్తున్నాను.

1. చేసే పని తెలిస్తేనే పడే అలసట తెలుస్తుంది.

పొట్ట వెనక అడ్డంగా ఉండే క్లోమంలో ఇన్సులిన్ సంగతి చూసే భాగం నూటికి ఒకటి రెండు వంతులే. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం క్లోమాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తూ, చుట్టూ ఉన్నవాటితో కలవని చిన్న చిన్న కణాల గుంపులను గమనించాడు. అవి ఎందుకున్నాయో ఆయనకు అంతుపట్టలేదు. వాటినే ఇవాళ మన పుస్తకాల్లో లాంగర్‌హాన్స్ పుటికలు అంటున్నాం. ఒక మనిషిలో సుమారు పది లక్షల పుటికలుంటాయి. అన్నీ కలిపి తూచినా గ్రాముకు అటూ ఇటూగా తూగుతాయి. వాటిలో ఎక్కువ భాగం బీటా కణాలే.

అన్నం తిన్నాక రక్తంలో పెరిగిన గ్లూకోజ్ బీటా కణంలోకి వెళ్తుంది. దాన్ని కాల్చి కణం ఏటీపీ తయారుచేసుకుంటుంది. ఏటీపీ పెరగగానే కణం పొర మీది పొటాషియం దారులు మూసుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, నిల్వ ఉన్న ఇన్సులిన్ బయటికి విడుదలవుతుంది. ఆ ఏటీపీని 1929లో కండరంలో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆయన చేసిన పని అది. షుగర్ గురించి మాట్లాడేటప్పుడు ఆయన పేరు ఎవరూ తలుచుకోరు. నేను మాత్రం ఈ దశ చెప్పేటప్పుడల్లా ఒక్క క్షణం ఆగేవాణ్ని.

విడుదల చేయడం తేలికే, తయారీయే కష్టం. గిరాకీ ఉన్నప్పుడు ఒక్క బీటా కణం నిమిషానికి పది లక్షల దాకా ప్రొఇన్సులిన్ అణువులు చేస్తుందని అంచనా. ప్రొఇన్సులిన్ 86 అమైనో ఆమ్లాల గొలుసు. కణం లోపలి అంతర్జీవద్రవ్య జాలకంలో అది సరైన ఆకారంలో ముడుచుకుని, సరైన చోట మూడు గంధకపు బంధాలు వేసుకోవాలి. ఆ తరవాత మధ్యలోని సి-పెప్టైడ్ ముక్క తెగిపోయి 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్ మిగులుతుంది. ఒక్కో బంధం పడేటప్పుడు ఒక్కో హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు పుడుతుంది. అది కణానికి విషం. కాలేయ కణంలో దానికి విరుగుడుగా కాటలేజ్ వంటి ఎంజైములు దండిగా ఉంటాయి. బీటా కణంలో అవి చాలా తక్కువ. శరీరంలో ఇంత బరువు మోసే కణానికి ఇంత తక్కువ రక్షణ ఎందుకుందో గానీ, ఉన్నది మాత్రం అలాగే ఉంది. 86, 51, మూడు బంధాలు అంటూ ఈ పాఠాన్ని నా దగ్గర చేరిన పిల్లలకు అంకెలుగానే అప్పగించాను. మూడు పూటలా కంచం నిండా తెల్లన్నం తినే ఇంట్లో ఈ కణం గతి ఏమిటని ఒక్కరినీ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

2. చావుకు ముందు అలసట ఉంటుంది.

తయారీ తట్టుకోలేనంత పెరిగితే సరిగ్గా ముడుచుకోని ప్రొఇన్సులిన్ జాలకంలో పేరుకుంటుంది. దాన్ని పసిగట్టడానికి కణంలో మూడు కాపలా ప్రొటీన్లున్నాయి. వాటి పేర్లు ఐఆర్ఈ1, పెర్క్, ఏటీఎఫ్6. వీటిలో మొదటిదాన్ని 1993లో ఈస్ట్ కణాల్లో కజుతోషి మోరి, పీటర్ వాల్టర్ విడివిడిగా పట్టుకున్నారు. 2014లో ఇద్దరికీ లాస్కర్ అవార్డు వచ్చింది. పోగు పెరిగినట్టు తెలియగానే పెర్క్ కొత్త ప్రొటీన్ల తయారీని తగ్గిస్తుంది. మిగతా రెండూ ముడుచుకోవడానికి సాయపడే ప్రొటీన్లను ఎక్కువగా చేయిస్తాయి, చెడిపోయినవాటిని ముక్కలు చేసే ఏర్పాటునూ పెంచుతాయి. అంటే ముందు కణం బతకడానికే పాటుపడుతుంది. ఒత్తిడి తగ్గకుండా రోజుల తరబడి సాగితే చాప్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, అప్పుడు అదే ఏర్పాటు కణాన్ని తనంతట తాను చచ్చిపోయేలా చేస్తుంది.

ఇది ఊహ కాదనడానికి రెండు రుజువులు చాలు. జపాన్‌లో అకిటా ఎలుక అని ఒక జాతి ఉంది. దాని ఇన్సులిన్ జన్యువుల్లో ఒకదానిలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది, దాంతో ఒక గంధకపు బంధం పడదు. లావెక్కకుండానే, మేత ఎక్కువ కాకుండానే ఆ ఎలుకకు షుగర్ వస్తుంది. చాప్ లేకుండా పుట్టించిన అకిటా ఎలుకల్లో షుగర్ ఆలస్యంగా వచ్చింది. రెండో రుజువు మనుషుల్లో. పెర్క్ జన్యువు పాడైన పసిపిల్లలకు నెలల వయసులోనే షుగర్ వస్తుంది. వోల్కాట్-రాలిసన్ సిండ్రోమ్ అంటారు, చాలా అరుదు. పని ఆపమని చెప్పే కాపలాదారు లేకపోతే బీటా కణం ఎక్కువ కాలం నిలవదని ఆ బిడ్డల వల్ల తెలిసింది.

ఇంత చదివినవాణ్ని, నా బల్ల మీద ఏం చేశానో చెప్పాలి. ఎక్కువ గ్లూకోజులో ఉంచిన పుటికలు కొన్నాళ్లకు ఇన్సులిన్ ఇవ్వడం మానేస్తే, నోటుపుస్తకంలో 'చచ్చినవి' అని రాసి పాత్ర పారేసేవాణ్ని. నాకన్నా చాలా చిన్నదైన ఒక అమ్మాయి, కొత్తగా చేరింది, ఒకసారి ఆ పాత్రలను పారేయకుండా గ్లూకోజ్ తగ్గించిన ద్రవంలో పెట్టి ఉంచింది. అనుమతి అడగలేదని కసురుకున్నాను. కొద్ది రోజుల తరవాత ఆ పుటికల్లో కొన్ని మళ్లీ ఇన్సులిన్ ఇచ్చాయి. అన్నీ కాదు, కొన్నే. చావలేదు, పని మానుకున్నాయి. 2012లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డొమెనికో అక్సిలి బృందం, షుగర్ వచ్చిన ఎలుకల్లో బీటా కణాలు చాలావరకు చావకుండా తమ గుర్తింపు కోల్పోయి, బీటా కణం కాని స్థితికి జారిపోతున్నాయని చూపించింది. ఆ వ్యాసం చదివినరోజు నాకు సైన్స్ కన్నా ముందు ఆ అమ్మాయి గుర్తొచ్చింది. అప్పటికి ఆమె వేరే ఊళ్లో స్థిరపడింది. ఫోన్ చేసి చెప్పాను. నవ్వి, "ఇప్పుడా సార్" అంది.

3. అలసిన ఎద్దును కొరడా నడిపిస్తుంది, మేపదు.

ఈ పాఠానికి మా అన్న మూల్యం చెల్లించాడు, అందుకే ఇది కాస్త పొడుగు.

అన్న వ్యవసాయదారు. షుగర్ బయటపడ్డప్పుడు మొదట రాసిచ్చినవి గ్లిబెన్‌క్లమైడ్ గోలీలు. నేను పైన చెప్పిన పొటాషియం దారి ఉంది చూడండి, ఈ గోలీ వెళ్లి దాన్నే మూసేస్తుంది. గ్లూకోజ్ ఉన్నా లేకపోయినా కణం ఇన్సులిన్ విడుదల చేయక తప్పదు. అంకె వెంటనే దిగింది. అన్నకు సంతోషం, నాకూ సంతోషమే. ఏడాది రెండేళ్లకు అంకె మళ్లీ ఎక్కింది, గోలీ పెంచారు. మళ్లీ ఎక్కింది, మళ్లీ పెంచారు. ఇన్సులిన్ మొదలుపెడదామని డాక్టరు అన్నప్పుడు అన్న నా వైపు చూశాడు. మా వైపు ఒక మాట ఉంది, "సూది ఎక్కితే దిగదు" అని. సూది పడిందంటే ఆఖరి మెట్టు అని లెక్క. చదువుకున్నవాణ్ని, కణాలతో పనిచేసినవాణ్ని, ఆ మాటను ఖండించాల్సింది. "ఇంకొన్నాళ్లు గోలీలతోనే చూద్దాంలే అన్నా" అన్నాను. ఆ కొన్నాళ్లు చాలా ఏళ్లయ్యాయి. చివరికి సూది మొదలుపెట్టేసరికి అన్న కళ్లు సగం పోయాయి. పొలం గట్టు మీద కాలు తడబడుతుంటే చూశాను.

గోలీని తిట్టడం నా ఉద్దేశం కాదు. చవక, కోట్లమందికి దిక్కు. ఏ మందు ఎవరికి పడుతుందో డాక్టరే చెప్పాలి. అయితే 2006లో వచ్చిన అడాప్ట్ అనే పెద్ద అధ్యయనం చూడండి. ఒకే మందు మీద పెట్టిన రోగుల్లో అయిదేళ్లకు ఆ మందు చాలకుండా పోయినవారు గ్లిబెన్‌క్లమైడ్ జట్టులో నూటికి 34 మంది, మెట్‌ఫార్మిన్ జట్టులో 21 మంది, రోసిగ్లిటజోన్ జట్టులో 15 మంది. రోసిగ్లిటజోన్‌కు వేరే చిక్కులు ఎదురై వెనక్కి పోయింది, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. కణంతో ఎక్కువ పనిచేయించే మందు ముందుగా చేతులెత్తేసింది, నేను పట్టుకున్నది అంతవరకే.

2008లో లాన్సెట్‌లో చైనా నుంచి వెంగ్ జియాన్‌పింగ్ బృందం అధ్యయనం వచ్చింది. షుగర్ కొత్తగా బయటపడ్డ 382 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు పంపుతో ఇన్సులిన్, ఒక జట్టుకు రోజుకు అనేకసార్లు సూది, మూడో జట్టుకు గోలీలు. షుగర్ అదుపులోకి వచ్చాక రెండు వారాలు అలాగే ఉంచి అన్నీ ఆపేశారు. ఏడాది తరవాత ఏ మందూ లేకుండా షుగర్ అదుపులో ఉన్నవారు పంపు జట్టులో 51 శాతం, సూది జట్టులో 45 శాతం, గోలీల జట్టులో 27 శాతం. బయటి నుంచి ఇన్సులిన్ వస్తే లోపలి కణానికి కొన్ని రోజులు ఊపిరి ఆడుతుంది. అప్పుడు సూది ఎక్కింది, దిగింది కూడా. మా అన్నకు ఈ అవకాశం ఉండేదని కచ్చితంగా అనలేను. ఆ సంభాషణ మాత్రం నేను జరగనివ్వలేదు.

4. రిపోర్టు వచ్చిన రోజు జబ్బు పుట్టిన రోజు కాదు.

బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే అధ్యయనం 1977 నుంచి 5102 మంది కొత్త షుగర్ రోగులను చేర్చుకుని ఏళ్ల తరబడి గమనించింది. జబ్బు బయటపడేనాటికే వారి బీటా కణాల శక్తి సగానికి పడిపోయిందని లెక్క తేలింది. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే పతనం పది పన్నెండేళ్ల ముందే మొదలై ఉండాలి. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్లు. అంచు మీద ఉన్నవారు ఇంకా ఎక్కువ, 13.6 కోట్లు. నేను దిగులుపడేది ఈ రెండో అంకె గురించే. కణాలు ఎక్కువగా బతికుండేది వాళ్ల దగ్గరే కదా. నా సొంత రిపోర్టు మొదటిసారి అంచు మీదికి వచ్చినప్పుడు దాన్ని బీరువాలో ఇంటి పన్ను రసీదుల కింద పెట్టాను. ఆ అంకెకు అర్థం నాకు తెలియక కాదు.

5. బక్క మనిషిని చూసి ధీమా పడకు.

మా పొలంలో పనిచేసే ఒకాయన ఉండేవాడు. ఎముకల మీద చర్మం తప్ప కండ ఉండేది కాదు. దాహం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం, నీరసం. "నీకేం షుగర్‌రా, తిండి సరిగా తిను" అని టానిక్ సీసా కొనిచ్చాను. షుగర్ బలిసినవాళ్ల రోగమని, కూచుని తినేవాళ్ల రోగమని నా తలలోనూ ఉండిపోయింది. పక్షం తిరగకుండానే అతణ్ని సర్కారు దవాఖానకు మోసుకుపోయారు. బతికాడు. నా మాట మీద పోయిన ఆ రోజుల్లో అతనికి ఎన్ని కణాలు పోయాయో లెక్క లేదు.

పీటర్ బట్లర్ బృందం 2003లో, చనిపోయినవారి క్లోమాలను పరీక్షించి వివరాలు వేసింది. మామూలుగా కనిపించే షుగర్ టైప్ 2. లావుగా ఉన్న టైప్ 2 రోగుల్లో బీటా కణాల పరిమాణం, షుగర్ లేని లావుపాటివారితో పోలిస్తే 63 శాతం తక్కువ. సన్నగా ఉన్న రోగుల్లో కూడా, షుగర్ లేని సన్నవారితో పోలిస్తే 41 శాతం తక్కువ. సన్నగా ఉన్నంత మాత్రాన రక్షణ లేదు. పైగా తల్లి కడుపులో, పసితనంలో తిండి చాలనివారికి చిక్కు మొదటినుంచే ఉండొచ్చు. పోషకాహార లోపం వల్ల వచ్చే ఈ రకం షుగర్‌ను 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో చేర్చింది, 1999లో తీసేసింది. 2022లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, న్యూయార్క్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాల కలిసి చేసిన అధ్యయనంలో ఈ రోగుల అసలు సమస్య ఇన్సులిన్ పనిచేయకపోవడం కాదు, ఇన్సులిన్ తక్కువగా విడుదల కావడం అని తేలింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ మహాసభలో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దీన్ని టైప్ 5గా గుర్తించింది. పేదవాడి జబ్బుకు పేరు నిలబడటానికి ఇన్నేళ్లు పట్టింది.

ఈ విషయంలో ప్రపంచం చదువుకున్న ఒక పాఠం హైదరాబాద్ పక్క ఊళ్లలోనే తయారైంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ అంగన్‌వాడీ ఉప్మా పెట్టారు. 14 ఊళ్లకు అంగన్‌వాడీ పథకం అప్పటికి రాలేదు. పథకం ఊరూరికీ మెల్లగా వస్తున్న కాలం, దాన్నే పరీక్షగా మలుచుకున్నారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ పిలిచి కొలిచారు, ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు. అంతకన్నా ముఖ్యం, ఇన్సులిన్‌కు ఒళ్లు ఎదురుతిరిగే గుణం వారిలో 20 శాతం తక్కువ. ఒళ్లు ఎదురుతిరగకపోతే బీటా కణం అంత ఎక్కువగా చేయనక్కర్లేదు, దాని జాలకం మీద అంత భారం పడదు. అంగన్‌వాడీ గిన్నెలో ఉప్మాకూ ఏళ్ల తరవాతి క్లోమానికీ ఉన్న లంకె అది. ఆ రోజుల్లో నేను అదే నగరంలో ఎలుకలకు మేత తూచి పెడుతున్నాను. మా జిల్లా తల్లుల తిండి గురించి అంత పెద్ద పని జరుగుతోందన్న కబురు చెవిన పడినా, అది నా శాఖ కాదనుకున్నాను. శాస్త్రవేత్తలకు ఉండే ఈ శాఖల పిచ్చిని మించిన అజ్ఞానం నేను చూడలేదు.

6. గాజు పాత్రలో గెలిచింది ఇంట్లో గెలిచినట్టు కాదు.

బీటా కణాన్ని ఒత్తిడి నుంచి కాపాడే మందు కోసం ప్రపంచమంతా వెతుకుతున్నారు. 2006లో హార్వర్డ్‌లో హోతమిస్లిగిల్ బృందం, ప్రొటీన్లు సరిగా ముడుచుకోవడానికి సాయపడే రెండు రసాయనాలను లావెక్కిన ఎలుకలకు ఇస్తే షుగర్ దిగిందని చూపింది. వాటిలో ఒకటి పిత్తరసపు ఆమ్లం, టీయూడీసీఏ. చైనా వైద్యంలో వాడే ఎలుగుబంటి పిత్తంలో ఉండేది ఇదే. ఆ వార్త చదివి మా ప్రయోగశాల కొన్ని రోజులు పండగ చేసుకుంది. ఎలుకలో దిగినంత సులువుగా మనిషిలో దిగదని ఆ తరవాత నెమ్మదిగా అర్థమైంది.

మనుషుల దాకా వచ్చినవి లేకపోలేదు. వెరాపమిల్ అని పాత రక్తపోటు మందు ఉంది. బీటా కణంలో ఒత్తిడిని పెంచి చంపే టీఎక్స్ఎన్ఐపీ అనే ప్రొటీన్‌ను అది తగ్గిస్తుందని అలబామాలో అనత్ షలెవ్ బృందం ఏళ్ల తరబడి తవ్వింది. 2018లో కొద్దిమంది పెద్దల్లో పరీక్షించారు. 2023లో టైప్ 1, అంటే రోగనిరోధక దాడి వల్ల వచ్చే షుగర్, కొత్తగా బయటపడ్డ 88 మంది పిల్లల్లో ఏడాది పాటు పరీక్షిస్తే, సొంత కణాలు పనిచేస్తున్నాయనడానికి గుర్తైన సి-పెప్టైడ్ మందు తీసుకున్నవారిలో 30 శాతం ఎక్కువ మిగిలింది. అందరూ ఇన్సులిన్ తీసుకుంటూనే ఉన్నారు, అది గమనించాలి. కణాలను తినేసే రోగనిరోధక దాడిని వెనక్కి నెట్టే టెప్లిజుమాబ్‌కు 2022 నవంబరులో అమెరికా అనుమతి దొరికింది. అది టైప్ 1ను రెండేళ్లు వాయిదా వేయగలదు. రెండేళ్లంటే పిల్లలున్న ఇంట్లో తక్కువ కాలం కాదు.

నేను చేసింది చెబుతాను. మా బంధువుల పెళ్లిలో, భోజనాల దగ్గర, ఒక మొక్క ఆకు రసం మా పాత్రల్లో కణాలను కాపాడిందని ఉత్సాహంగా చెప్పాను. ఏ మొక్కో ఇప్పుడు రాయను, రాస్తే రేపే ఎవరో పీకుతారు. ఆ మాట అక్కడే కూచున్న ఒకాయన విన్నాడు. ఆయన బిడ్డకు టైప్ 1. ఇంటికి పోయి సూది మాన్పించి ఆకు రసం పోశాడు. టైప్ 1లో ఇన్సులిన్ ఆపితే రక్తంలో కీటోన్లు పేరుకుని, ఊపిరి వేగంగా ఆడుతూ, రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ పిల్లను ఐసీయూలో చూశాను. తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పిన్రని..." అని సగంలో ఆపేశాడు. పిల్ల కోలుకుంది, చదువుకుంది. ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తే మంచినీళ్లు తాగి వచ్చేస్తాను, భోజనానికి కూచోను.

7. కణానికి విశ్రాంతి మన వంటింట్లోంచి, నిద్రలోంచి వస్తుంది.

మా అమ్మ జొన్న రొట్టెలు కొట్టేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మా ఇళ్లల్లో రొట్టె మెల్లగా తగ్గింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. రొట్టె కొట్టే చేతులు, ఆ రొట్టెకు తగ్గ పొలం పని రెండూ ఒకేసారి పోయాయి, అదీ కష్టం. ఇప్పుడు మా వైపు నాగార్జున సాగర్ రోడ్డుకు అటూ ఇటూ ప్లాట్లు పడ్డాయి, నాగలి పట్టినవాడు ప్లాట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూచుంటున్నాడు. కంచం మాత్రం మారలేదు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, షుగర్‌ను కాస్త నెమ్మదిగా పెంచుతుందని పేరు. మంచి వంగడమే. "షుగర్ బియ్యం కదా" అని రెండు గరిటెలు ఎక్కువ పెట్టుకుంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మా ఇంట్లో అలా పెట్టుకున్నది నేనే.

2017లో బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం వచ్చింది. రాయ్ టేలర్, మైక్ లీన్ నడిపించారు. టైప్ 2 వచ్చి ఆరేళ్లు దాటని 306 మందిలో సగానికి తిండి గట్టిగా తగ్గించి బరువు దించారు. ఏడాదికి వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది, మామూలు వైద్యం పొందినవారిలో 4 శాతానికే. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు తగ్గితే అలసిన బీటా కణాలు కొన్ని మళ్లీ పనిలో పడతాయని టేలర్ వివరణ. ఎంత తొందరగా దించితే ఫలితం అంత మెరుగు. పదిహేనేళ్ల పాత షుగర్‌లో ఇదే ఫలితం ఆశించడం తప్పు, ఆ మాటా చెప్పాలి.

నిద్ర గురించి మేం చాలాకాలం పట్టించుకోలేదు. బీటా కణంలో కూడా పగలూ రాత్రీ లెక్కపెట్టే జన్యువులున్నాయి. ఎలుకల పుటికల్లో ఆ లెక్కను చెడగొడితే షుగర్ వస్తుందని 2010లో తేలింది. ఆదిబట్ల వైపు కంపెనీల్లో రాత్రి షిఫ్టులు చేసి, తెల్లవారుజామున బిర్యానీ తిని పడుకునే పిల్లలు మా ఊరి చుట్టుపక్కల ఎంతమందో. వాళ్లకు ఉద్యోగం మానేయమని చెప్పలేను. తినే వేళనైనా మార్చుకోండి అంటాను.

8. పోయినదాన్ని ఏడ్వడం కన్నా మిగిలినదాన్ని లెక్కపెట్టుకో.

క్లోమంలో మిగిలిన కణాల పని తెలుసుకోవడానికి సి-పెప్టైడ్ పరీక్ష ఉంది. బయటి నుంచి ఎక్కించుకునే ఇన్సులిన్‌లో ఆ ముక్క ఉండదు కనుక, రక్తంలో కనబడ్డది మన కణం చేసిందే. బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రం, 50 ఏళ్లకు పైగా టైప్ 1తో బతికినవారిని పరీక్షిస్తే, మూడింట రెండొంతుల మందిలో సి-పెప్టైడ్ జాడ ఇంకా కనిపించింది. యాభై ఏళ్ల దాడి తరవాత కూడా ఎక్కడో కొన్ని మిగిలాయి. పుస్తకాల్లో 'పూర్తిగా నాశనం' అని రాసుకున్న వాక్యాన్ని చేత్తో కొట్టేసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

నా సి-పెప్టైడ్ ఇప్పటికి పరవాలేదు. బీరువాలో దాచిన రిపోర్టు కాలాన్ని వెనక్కి తెచ్చుకోలేను గానీ, పొద్దున నడక, రాత్రి ఒక్క రొట్టె, డాక్టరు రాసిన మందు తప్పడం లేదు. మా అన్న మనుమడు ఆదిబట్లలోనే రాత్రి షిఫ్టు. నడుము కొద్దిగా పెరిగింది. కంపెనీలో చేసిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చిందట, అంటే అంచు మీద. "ఏం కాదు తాతా, సంక్రాంతి అయినంక చూపించుకుంట" అన్నాడు. వాడికి వాళ్ల తాత కళ్ల సంగతి మొదటిసారి దాచకుండా చెప్పాను, గోలీల గురించి నేనన్న మాటతో సహా. కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత ఫోన్ తీసి సెలవు రోజులు చూసుకున్నాడు. ఆదివారం పొద్దున పరగడుపున రమ్మన్నాను. ఇబ్రహీంపట్నం ల్యాబ్ పిల్లాడికి ఏడింటికి రమ్మని చెప్పి పెట్టాను.